ఆంధ్రరత్న నడిపించిన రామనగరము

దుర్మతి నామ సంవత్సరాది 1921 ఏప్రిల్ రెండవ వారమున వచ్చినది. ఇల్లలికి, గోడలకు సున్నము వేసి, గుమ్మమునకు మావిడాకులు కట్టి, వేపపూత పచ్చడి సేవించి, క్రొత్త యేడును ఆ యింటనే సుఖముగా గడుపగోరుట మనవారి యాచారము. ఆ యేడు నాటి గుంటూరు జిల్లాలోని చీరాల–పేరాల ప్రజలు ఉగాది వెళ్లిన కొలది దినములకే ఆ యిండ్లకు తాళములు వైచి, ఊరి పొలిమేర దాటి పాకలలో క్రొత్త కాపురములు పెట్టిరి. సుమారు 15 వేల జనములో 13 వేలకు పైగా కదలిరి. వారిని నడిపినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. అప్పటికి వారికి 32 ఏండ్లు నిండలేదు.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల పెంపకమున పెరిగిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరింపగా, 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయము దానిని ప్రచురించెను. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును కొంతకాలము బోధించిరి గాని, ఏ కొలువునను నిలువలేదు. ఒకరి క్రింద నడచుకొనుట వారి స్వభావము కాదు. ఈ సుగుణమే తరువాత చిక్కునకు హేతువైనది.

చీరాలలోని పోరాటమునకు మూలము పురపాలక సంఘము. చీరాల, పేరాలలను, వాని చెంత గ్రామములను కలిపి ప్రభుత్వము మునిసిపాలిటీ చేసెను. యూనియను నాడు ఏటికి నాలుగు వేల రూపాయలుగా నున్న పన్ను నలుబది వేల వరకు పెరిగెను. అచ్చటివారిలో పెక్కుమంది మగ్గముపై బ్రతుకువారు. పన్ను కట్టమని నిలిచిన కొందరు చెరసాలకు పోయిరి. వారిలో స్త్రీయు నుండెను. బెజవాడ కాంగ్రెసు సమావేశము ముగిసిన పిమ్మట, ఏప్రిల్ 6న మహాత్ముడు చీరాలకు విచ్చేసి రెండు మార్గములు చూపెను: అహింసతో పన్ను నిరాకరించుట ఒకటి, ఊరు విడుచుట రెండవది. ఏది యెన్నుకొన్నను కాంగ్రెసు భారము వహింపజాలదని ముందే తెలియజేసెను. జనులు కఠినమైన రెండవ దారినే పట్టిరి. మునిసిపాలిటీ యెల్లలో మనుష్యులే లేనిచో పన్ను ఎవరినడుగవలెను?

క్రొత్త ఊరికి రామనగరమని పేరు. కావి వస్త్రములు, రుద్రాక్షలు ధరించిన రామదండు, దాదాపు వేయిమంది సేవకులు, అచ్చట కావలియు పరిచర్యయు చేసిరి. తగవులు పంచాయతీలోనే తీరెను. పాకలలోని జనమునకు పాటయు పద్యమును కావలెనని తలచిన నాయకుడాయన. ఆంధ్ర విద్యాపీఠగోష్ఠిని నెలకొల్పిరి. జానపదుల ఆటపాటలను చదువుకొన్నవారు చులకనగా చూచు కాలమది. అభినయశాస్త్రము నెరిగిన ఈ ఎం.ఏ.గారు వానిని ఆదరించి, హాస్యముతో, పద్యముతో సభలను కట్టివైచిరి.

అయినను పాటతో కడుపు నిండదు. నేతగానికి ఇల్లు మారుట యనగా మగ్గము మారుట. గుంట త్రవ్వవలెను, పడుగు సాచుటకు చోటు కావలెను. రోహిణీకార్తె యెండలో తాటాకు పాక నిలుచునేమో గాని, వాన వచ్చి గుంటలో నీరు నిలిచిన నేత ఆగును. నేత ఆగిన కూలి లేదు. ఆ జనము గ్రీష్మమును, వర్షములను, చలిని పాకలలోనే యెదుర్కొనెను.

ధనము కావలసివచ్చెను. దానికై తిరుగుచున్న గోపాలకృష్ణయ్యగారిని బరంపురములో ప్రసంగింపరాదని అధికారులు నిషేధించిరి. ఆయన లెక్కచేయలేదు. ఏడాది శిక్ష పడెను. తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి. వేలకొలది కుటుంబములు తనపై నాధారపడియుండగా ఆ నిషేధమును ధిక్కరించుట తగునా యని అడుగువారు అన్యాయము చేయువారు కారు. ఆజ్ఞకు లోబడుట నేర్చిన మనిషియే అయినచో చీరాల ఆయన వెంట కదలియుండెడిది కాదనుటయు నిజమే. లోపము మరియొకచోట నున్నది: ఆయన లేనినాడు ఆ ఊరిని నడుపగల రెండవవాడు సిద్ధముగా లేకపోవుట. పదునొకండు నెలలు నిలిచి, 1922లో జనులు ఒక్కరొక్కరుగా పాత యిండ్ల తాళములు తీసిరి. మునిసిపాలిటీ నిలిచెను, పన్నులును నిలిచెను.

చెర వెడలిన పిదప ఆంధ్రరత్నమునకు దారిద్ర్యము తోడాయెను, క్షయ పట్టుకొనెను. 1928 జూన్ 10న 39 ఏండ్ల ప్రాయమున కన్నుమూసిరి. సరిగా ఆ మాసముననే, మన కోసాడ్‌కు ఎంతో దూరము లేని బార్డోలి తాలూకాలో 22 శాతము పెంచిన భూమిశిస్తు నిరాకరించి రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున నిలిచియుండిరి. అచ్చట ప్రతి గ్రామమునకు తన కార్యకర్త, ప్రతి శిబిరమునకు తన పెద్ద యుండిరి. ఒకరు పట్టుబడినను పని ఆగు వీలు లేదు. ఆగస్టులో ప్రభుత్వము దిగివచ్చెను, విచారణానంతరము పెంపు సుమారు 6 శాతమునకు తగ్గెను. రెండేండ్లకు, 1930 ఉప్పు సత్యాగ్రహమునాడు, ఆ రైతులే పశువులను తోలుకొని, సామానులు బండ్లకెత్తి, సూరత్ జిల్లా యెల్ల దాటి బరోడా సంస్థానపు నేలపై పాకలు వేసికొనిరి.