కూడుకున్నందుకు చెరసాల

‘యాత్రికుని ప్రయాణం’ చదవని పాతతరం విశ్వాసులు మన సంఘాల్లో తక్కువే. అయితే దాన్ని రాసిన జాన్ బన్యన్ ఏ నేరానికి 12 ఏళ్లు చెరసాలలో ఉన్నాడని అడిగితే మనలో చాలామందిమి తటపటాయిస్తాం. దొంగతనం కాదు, హత్య కాదు. పదిమందితో కూడుకుని దేవుని వాక్యం చెప్పడమే ఆయన నేరం.

ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో గ్రామంలో 1628లో బన్యన్ పుట్టాడు. తండ్రిలాగే చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేసి బతికేవాడు. చదువు అంతంతమాత్రం. ఒకరోజు పనిమీద బెడ్‌ఫర్డ్ వెళ్తే, ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మం ముందు ఎండలో కూర్చుని, దేవుడు తమ హృదయాల్లో చేసిన కార్యాన్ని గురించి మాట్లాడుకుంటున్నారు. భక్తి విషయాలు తనకు బాగా తెలుసనుకునే బన్యన్‌కు ఆ మాటలు కొత్తగా తోచాయి. మళ్లీ మళ్లీ వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. అలా జాన్ గిఫర్డ్ అనే కాపరి నడిపే చిన్న సంఘంలో చేరాడు. ఆ స్త్రీలు ఎవరింట్లో వాళ్లు ఉండిపోయి ఉంటే ఆ రోజు బన్యన్ వినేదేముంది?

1660లో రెండవ చార్లెస్ రాజయ్యాక ప్రభుత్వ సంఘానికి వెలుపల కూడుకోవడం ప్రమాదకరమైంది. ఆ ఏడు నవంబర్ 12న లోయర్ శాంసెల్ అనే పల్లెలో కూటం పెట్టారు. వారెంటు సిద్ధంగా ఉంది, మానేద్దామా అని ఆ ఇంటాయన అడిగాడు. బన్యన్ ఒప్పుకోలేదు. తాను తప్పుకుంటే కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు బెదిరిపోతారని ఆయన ఆలోచన. ప్రార్థనతో కూటం మొదలైందో లేదో కానిస్టేబుల్ వచ్చాడు.

ఇలాంటి కూటాల్లో ఇక బోధించనని మాటిస్తే విడిచిపెడతామన్నారు. ఆయన ఇవ్వలేదు. ఇంటి దగ్గర మొదటి భార్య పిల్లలు నలుగురు, వారిలో మేరీకి చూపు లేదు. గర్భవతిగా ఉన్న రెండో భార్య ఎలిజబెత్ ఆ వార్త విని, నెలలు నిండకుండానే ప్రసవించి బిడ్డను పోగొట్టుకుంది. 1661లో ఆమె న్యాయమూర్తుల ముందు నిలబడి వేడుకున్నా ఫలితం లేకపోయింది. బన్యన్ జైల్లోనే బూటు లేసులు తయారుచేసి ఇంటికి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. చూపులేని కూతురి తలంపు ఆయన గుండెను పిండేసేది. విశ్వాస వీరగాథగా చెప్పుకోవడం మనకు తేలికే గాని, ఆ ఇంట్లో పడిన కష్టం నిజమైనది.

ఒక్క సంగతి గమనించాలి. ఇంట్లో ఒంటరిగా ప్రార్థించుకుంటే బన్యన్‌ను ఎవరూ పట్టుకునేవారు కాదు. 1664లో వచ్చిన చట్టం కూడా ఇంటివారు గాక ఐదుగురు లేదా అంతకు మించి కూడితేనే నేరమంది. పాలకులు భయపడింది కూడికకే. 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూతపడినప్పుడు ఫోన్‌లో ఆరాధన మనకు ఆసరా అయింది. మంచం పట్టిన పెద్దలకు ఇప్పటికీ ఆసరాయే, అందులో తప్పులేదు. కాళ్లూ చేతులూ బాగున్న మనం కూడా మంచం మీదే ఆరాధన ‘చూసేసి’ ఆదివారం అయిందనిపిస్తున్నామే! బన్యన్‌కు అలాంటి భక్తి సరిపోయి ఉంటే 1660 నవంబర్‌లోనే పిల్లల దగ్గరికి వెళ్లిపోయేవాడు.

జైల్లో తోటి ఖైదీలకే వాక్యం చెప్పాడు. దయగల జైలరు అప్పుడప్పుడు బయటకు వదిలితే సంఘ కూటాలకు వెళ్లి తిరిగి వచ్చేవాడు. 1672 జనవరిలో, ఇంకా ఖైదీగా ఉండగానే, సంఘం ఆయన్ని కాపరిగా ఎన్నుకుంది. అదే ఏడు విడుదలయ్యాడు. కూడుకోవడానికి చోటు కోసం సంఘస్థులు మిల్ స్ట్రీట్‌లో ధాన్యం నిల్వచేసే కొట్టాం ఒకటి కొన్నారు. 1678లో ‘యాత్రికుని ప్రయాణం’ వెలువడింది. ఒంటరిగా బయల్దేరిన ఆ యాత్రికుడికి బన్యన్ దారిలో ఒక సహోదరుణ్ణి తోడిచ్చాడు. అతడు హతసాక్షి అయితే వెంటనే మరొకరిని జతచేశాడు.

1688లో ఒక తండ్రీకొడుకుల తగవు తీర్చి, వానలో గుర్రం మీద లండన్ చేరిన బన్యన్ జ్వరంతో ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించాడు. అలాంటి కూటాలకు అనుమతినిచ్చే చట్టం మరుసటి ఏడు, 1689లో వచ్చింది. బెడ్‌ఫర్డ్ సంఘం మాత్రం నేటికీ మిల్ స్ట్రీట్‌లోనే, 1850లో కట్టిన మందిరంలో కూడుకుంటోంది.