కొత్వాల్ పంపితే బొంబాయి వెళ్లిన కరీంనగర్ కుర్రాడు.. చిత్రకారుడు పి.టి. రెడ్డి కథ ఇదీ

చేతికి దొరికినదాంతో మనిషి ముఖం తయారుచేసే వీడియోలు ఫోన్లో రోజూ కనిపిస్తూనే ఉంటాయి. పగిలిన టైల్స్, పప్పులు, గుండీలు, కాగితం ముక్కలు.. దగ్గర్నుంచి చూస్తే అంతా గజిబిజి. కెమెరా వెనక్కి జరగ్గానే ఓ ముఖం! ఇవే మొజాయిక్ పోర్ట్రెయిట్లు. జగిత్యాలలోనో, కోరుట్లలోనో ఆర్ట్ నేర్చుకుంటున్న స్టూడెంట్ చేసినా, మగ్గాల దగ్గర మిగిలిన నూలు పోగులతో సిరిసిల్ల కుర్రాడు చేసినా లైకులు బాగానే వస్తాయి. అసలు ప్రశ్న ఆ తర్వాత ఇంట్లో మొదలవుతుంది. బొమ్మలేస్తే బతుకుదెరువు ఎట్లా?

ఆ ప్రశ్నతోనే ఓ జీవితకాలం గడిపిన మనిషి ఈ ప్రాంతంలోనే పుట్టాడు. పేరు పాకాల తిరుమల్ రెడ్డి. ఆర్ట్ ప్రపంచానికి పి.టి. రెడ్డి.

1915 జనవరి 4న కరీంనగర్ జిల్లా అన్నారంలో ఆయన పుట్టారు. అప్పుడు అంతా నిజాం రాజ్యం. ఇప్పుడు వేర్వేరు జిల్లాల్లో ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కూడా 2016 దాకా ఆ కరీంనగర్ జిల్లాలోవే. వ్యవసాయం తెలిసిన ఊళ్లో, రైతు ఇంటి పేరున్న కుటుంబంలో పెయింటింగ్ అనేది ఓ చదువు అన్న ఆలోచనే కొత్త. పైగా నేర్చుకుందామన్నా చోటు లేదు. హైదరాబాద్‌లో సర్కారు ఆర్ట్ స్కూల్ పెట్టిందే 1940లో. అంతకుముందు అయితే మద్రాసు పోవాలి, లేదంటే బొంబాయి పోవాలి.

ఇక్కడే కథలోకి ఓ పోలీసాయన వస్తారు. రాజా బహదూర్ వెంకటరామరెడ్డి. హైదరాబాద్ నగరానికి కొత్వాల్, అంటే ఇప్పటి లెక్కలో పోలీస్ కమిషనర్. పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లల కోసం 1918లో రెడ్డి హాస్టల్ మొదలుపెట్టించింది ఆయనే. తిరుమల్ రెడ్డి చేతిలో ఉన్న పనితనం ఆయన కంట్లో పడింది. స్కాలర్‌షిప్ ఇప్పించి బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపారు. చదువంటే ప్లీడరో, తహసీల్దారో అనుకునే రోజుల్లో ఓ పోలీసు అధికారి బొమ్మల చదువుకు డబ్బు సర్దడం మామూలు విషయం కాదు. ఆ ఒక్క సాయం లేకపోతే ఈ కథ అన్నారం దాటేదా అన్నది అనుమానమే.

1935లో బొంబాయి చేరేసరికి ఆయనకు 20 ఏళ్లు. జె.జె. స్కూల్ 1857 నుంచి ఉన్న సంస్థ. అక్కడి పద్ధతి చాలా స్ట్రిక్ట్. ఎదురుగా మోడల్‌ను కూర్చోబెడతారు. ముక్కు, దవడ, కంటి కింద నీడ.. కొలత తప్పకూడదు. ఉన్నది ఉన్నట్టు రావాలి. పోర్ట్రెయిట్ బాగా వచ్చినవాడే మంచి స్టూడెంట్.

ఆయన స్టూడెంట్‌గా ఉండగానే సీన్ మారింది. కొత్త డైరెక్టర్‌గా చార్లెస్ జెరార్డ్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు వచ్చారు. యూరప్‌లో వాన్‌గో, సెజాన్ లాంటివాళ్లు తెచ్చిన మార్పును ఆయన క్లాసులోకి తీసుకొచ్చారు. రంగును నున్నగా కలిపేయొద్దు, ముద్దలు ముద్దలుగా పక్కపక్కనే పెట్టు, కలుపుకునే పని చూసేవాడి కన్నే చేసుకుంటుంది.. ఆ దారి సారాంశం ఇదే.

మొజాయిక్ చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ముందు ఫోటో మీద గళ్లు గీసుకుంటారు. ఏ గడిలో చీకటి ఎక్కువ, ఏ గడిలో వెలుగు ఎక్కువ అని చూసుకుంటారు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలన్నీ పోయి వెలుగునీడలు మాత్రమే మిగులుతాయి. ఆర్ట్ స్టూడెంట్లందరికీ తెలిసిన చిట్కా ఇది. కనురెప్ప వెంట్రుకలు అతికించక్కర్లేదు. కంటి గుంటలో నలుపు, ముక్కు మీద తెలుపు సరైన చోట పడితే చాలు, ముఖం దానంతట అదే లేచి నిలబడుతుంది. (ఫోన్ స్క్రీన్ చిన్నది కాబట్టి అక్కడ ఇంకా తొందరగా కలిసిపోతుంది. ఈ వీడియోలు ఫోన్లో అంత బాగుండటానికి అదే కారణం.) పి.టి. రెడ్డి పని చేసింది టైల్స్‌తో కాదు, ఆయిల్ రంగులతో. అయినా ముఖాన్ని ముక్కలుగా చూడటం, మళ్లీ ఒక్కటిగా కట్టడం ఆయనా ఆ క్లాసుల్లోనే నేర్చుకున్నారు. ఆ రోజుల్లో తన ముఖాన్నే మోడల్‌గా పెట్టుకుని సెల్ఫ్ పోర్ట్రెయిట్లు కూడా వేసుకున్నారు. స్టూడెంట్‌కు డబ్బులు అడగని మోడల్ అద్దంలో ఉండే మనిషే కదా!

1939లో డిప్లొమా పూర్తయింది. 1941లో భోప్లే, మజీద్, కులకర్ణి, బాప్టిస్టాలతో కలిసి బాంబే కాంటెంపరరీ ఇండియా ఆర్టిస్ట్స్ అనే గ్రూపు పెట్టారు. పాత పద్ధతికి ఎదురు తిరిగిన ఈ కుర్రాళ్లకు యంగ్ టర్క్స్ అనే పేరు పడింది.

ఇక్కడ ఓ తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఎం.ఎఫ్. హుస్సేన్, రజా, సూజా ఉన్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పుట్టింది 1947లో. ఇండియాలో మోడర్న్ ఆర్ట్ అనగానే అందరూ చెప్పేది దాని గురించే. యంగ్ టర్క్స్ అంతకు ఆరేళ్ల ముందే రంగంలోకి దిగారు. కానీ ఆ అయిదుగురి పేర్లు ఇవాళ ఎంతమందికి తెలుసు? పి.టి. రెడ్డి విషయంలో ఓ కారణం కళ్లముందే ఉంది. ఆయన బొంబాయిలో ఉండిపోలేదు. గ్యాలరీలు, కొనేవాళ్లు, రాసేవాళ్లు అందరూ అక్కడుంటే, ఆయన హైదరాబాద్ తిరిగొచ్చారు. ఇంటికి రావడం తప్పు కాదు. కానీ దానికి పెద్ద ధరే కట్టాల్సొచ్చింది.

హైదరాబాద్‌లో పెయింటింగ్ కొనేవాళ్లేరి? బతుకుదెరువు కోసం ఆయన ఫర్నిచర్ తయారీలోకి దిగారు. బ్రష్ పట్టిన చేత్తో కలప పని. కుర్చీలు, బల్లలు. బొంబాయిలో గ్రూపు పెట్టిన చిత్రకారుడు కొన్నేళ్లపాటు ఇలా దుకాణం లెక్కల్లో ఉండిపోయారు. ఆయన జీవితంలో అందరూ వేగంగా దాటేసే భాగం ఇదే. నిజానికి కోరుట్లలోనో సిరిసిల్లలోనో బొమ్మలేసే పిల్లాడి ఇంట్లోవాళ్లు భయపడేది సరిగ్గా దీనికే.

అయితే ఆ కలప వృథా కాలేదు. తర్వాతి రోజుల్లో చెక్క మీద చెక్కడం, శిల్పం, ప్రింట్లు.. అన్నిట్లో చేయి పెట్టారు. మళ్లీ కాన్వాస్ ముందుకొచ్చాక ఆగలేదు. 1964లో నెహ్రూ చనిపోయాక ఆయన మీద వరసగా బొమ్మలు వేశారు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెడితే అది కూడా కాన్వాస్ ఎక్కింది. 1970ల్లో తంత్ర చిహ్నాల వైపు మళ్లారు. త్రికోణాలు, వృత్తాలు, పాములు, ముదురు రంగులు. దేశంలో నియో తంత్ర చిత్రకారుల ప్రస్తావన వస్తే ఆయన పేరు అందులో ఉంటుంది. జె.జె.లో ముఖం కొలతలు నేర్చుకున్న కుర్రాడేనా ఈ బొమ్మలేసింది అనిపిస్తుంది చూస్తే.

భార్య యశోదారెడ్డి కూడా తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు. పాలమూరు యాసలో కథలు రాసిన రచయిత్రి, ఉస్మానియా యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్. హైదరాబాద్ నారాయణగూడలో వాళ్ల ఇల్లు సుధర్మ. ఒకే ఇంట్లో ఓ గదిలో రంగులు, ఇంకో గదిలో పల్లె మాటలు.

ఇప్పుడు ఆర్ట్ చదవాలంటే బొంబాయి రైలెక్కక్కర్లేదు. 1940లో మొదలైన ఆ స్కూలే ఇవాళ మాసబ్ ట్యాంక్‌లోని జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు. ఎంట్రన్స్ రాసి బీఎఫ్ఏలో చేరొచ్చు. కొత్వాల్ సిఫారసు అవసరం లేదు. కోర్సు అయ్యాక పనెక్కడ దొరుకుతుందనేది మాత్రం అప్పటిలాగే ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే.

పి.టి. రెడ్డి 1996 అక్టోబర్ 21న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 81. యశోదారెడ్డి 2007లో వెళ్లిపోయారు. ఆయన బొమ్మలు ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దాకా చేరాయి.