కలివికోడికి పేరిచ్చిన నెల్లూరు దొర వైద్యుడు

సూళ్లూరుపేట: పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు, నేలపట్టు చెరువుకు గూడబాతులు వచ్చే రోజుల్లో ఈ తీరవాసులు స్మరించుకోదగిన పేరొకటి ఉంది. 1840ల తొలినాళ్లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ కావర్‌హిల్ జెర్డన్ పేరది.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో వైద్యవిద్య పూర్తిచేసి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1836లో మద్రాసు చేరుకున్నారు. వృత్తి వైద్యమే అయినా మనసంతా పక్షుల మీదే. దక్షిణ భారత పక్షులపై ఆయన రూపొందించిన జాబితా 1839-40లో మద్రాసు పత్రికలో వెలువడింది.

నెల్లూరులో ఆయన గడిపింది సుమారు నాలుగేళ్లు. అడవి, చెరువు, ఉప్పుకయ్య అన్నీ తెలిసిన యానాదులు ఇక్కడ ఆయనకు గురువులయ్యారు. ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతుందో, దానిని తెలుగులో ఏమంటారో వారినడిగి రాసుకున్నారు. ఆయన గ్రంథాలలో ఆంగ్ల నామాల పక్కన తెలుగు పేర్లు కనిపించడానికి కారణమిదే. ఆ పేర్లు చెప్పిన యానాదులలో ఒక్కరి పేరూ చరిత్రకెక్కకపోవడం విచారకరం. 1843 నుంచి 1847 వరకు వెలువడిన ఆయన సచిత్ర పక్షి గ్రంథానికి చాలా బొమ్మలు గీసినవారు భారతీయ చిత్రకారులే.

అనంతరం తెల్లిచేరికి బదిలీ అయ్యారు. 1851లో దక్షిణ భారతపు చీమలపైనా పరిశోధన ప్రచురించారు. 1862-64 మధ్య భారతదేశ పక్షులపై ప్రధాన గ్రంథం, 1867లో క్షీరదాలపై మరొకటి వెలువరించారు. 1872 జూన్ 12న ఇంగ్లండులో కన్నుమూశారు.

తూర్పు కనుమల పొదలలో ఆయనకు దొరికిన ఒక పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అడవి ఊట-తిత్తి అని జెర్డన్ నమోదు చేసిన ఆ పక్షినే నేడు కలివికోడి అంటున్నాం. ఆంగ్లంలో జెర్డన్ పేరే దానికి స్థిరపడింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద మళ్లీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే వెలసింది. తెలుగుగంగ కాలువ మార్గమూ మారింది. సమీపంలోని రైతుల భూములను ప్రభుత్వం సొమ్ము చెల్లించి సేకరించింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. 1976లో అభయారణ్యమైన నేలపట్టులో పక్షి రెట్టలు కలిసిన చెరువునీరు పంటకు బలమని రైతులకు తెలుసు. గూడబాతును కాపాడితే తమ చేనుకే మేలు. పగలంతా పొదలలో దాగి రాత్రివేళ తిరిగే కలివికోడితో రైతుకు అటువంటి లాభమేదీ లేదు. పొద కొట్టి నిమ్మతోట వేస్తే ఆదాయం, వదిలేస్తే నష్టం. భూమిని ఒకేసారి కొనివేయడం ఒక మార్గం. రైతు చేతిలోనే ఉంచి, పొదలు మిగిల్చినందుకు ఏటా కొంత ముట్టజెప్పడం మరొకటి. జెర్డన్ పుట్టిన ఇంగ్లండులో గట్ల వెంట పొదలు, పక్షులకు ఆవాసాలు నిలిపే రైతులతో ప్రభుత్వం ఒప్పందాలు చేసుకుని సొమ్ము చెల్లించే పథకం 1991లోనే మొదలైంది. అక్కడ పొద ఉన్న గట్టు కూడా రైతుకు ఒక ఆదాయమే. ఇక్కడి రైతుకు భూమి పోయినప్పుడే డబ్బు కళ్లబడుతోంది.

2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలో చేరాయి. జెర్డన్ ఎరిగిన నాటి నెల్లూరు జిల్లాలోనివే ఇవి. కలివికోడి ఏళ్ల తరబడి మళ్లీ జాడ లేకపోయింది. చివరికి 2025 ఆగస్టులో కడప ప్రాంతంలో పక్షి ప్రేమికులు దాని కూతను రికార్డు చేశారు.