ఎడారి సోదరుడు షార్ల్ ద ఫూకో

ఎడారి అనగానే మన మనస్సులో మెదిలేది నీరులేని, నీడలేని ఇసుక మేట. కాని ప్రవక్తల చరిత్రలను పరిశీలించినచో ఆ నిర్జన ప్రదేశమే మానవుణ్ణి దైవానికి సన్నిహితుణ్ణి చేసిన పుణ్యభూమిగా కనిపిస్తుంది. హాజిరా మాత తన పసిబిడ్డ దాహం తీర్చుటకై పరుగులు తీసినది ఎడారిలోనే. క్రైస్తవులు మోషే అని పిలిచే మూసా ప్రవక్త తన ప్రజలను నడిపించినది ఎడారిలోనే. ఏసుక్రీస్తు బోధను ప్రారంభించుటకు పూర్వం నలభై దినాలు ఉపవసించి శోధనలను జయించినది కూడ ఎడారిలోనే అని సువార్తలు తెలుపుతున్నవి. ఆ ఆదర్శంతోనే క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలలో ఈజిప్టు దేశపు ఆంటొనీ మొదలైన తపస్వులు ఊళ్ళను విడిచి ఇసుక దిబ్బల నడుమ నివసించారు. క్రైస్తవ మఠ జీవనానికి బీజం అక్కడ పడింది. అయితే మనుష్యులకు దూరంగా పోవడమేనా ఎడారికి అర్థం? ఈ ప్రశ్నకు తన జీవితమే సమాధానంగా నిలిచిన ఫ్రెంచి తపస్వి షార్ల్ ద ఫూకోను గూర్చి ఇక్కడ ముచ్చటించుకొందాము.

ఫూకో 1858 సెప్టెంబరు 15వ తేదీన స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఒక సంపన్న ప్రభువంశంలో జన్మించాడు. ఆరేళ్ళు నిండకముందే, 1864లో, తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయి మాతామహుని వద్ద పెరిగాడు. యౌవనంలో దైవవిశ్వాసం పూర్తిగా నశించింది. సైనికాధికారియై, సంక్రమించిన ఆస్తిని విందులలో, విలాసాలలో నీళ్ళవలె ఖర్చు చేశాడు. సైన్యంతో అల్జీరియా వెళ్ళిన తరువాత ఉత్తర ఆఫ్రికా ఆయనను ఆకర్షించింది. 1882లో ఉద్యోగం వదలుకొని, మరుసటి సంవత్సరం మొరాకో యాత్ర ప్రారంభించాడు. ఆ రోజులలో అక్కడ క్రైస్తవులు సంచరించడం ప్రాణాపాయకరం. అందుచేత యూదు మతగురువు వేషం ధరించి, మొర్దెకై అబీ సెరూర్ అనే యూదుని వెంట దాదాపు పదకొండు నెలలు తిరిగి, ఆ దేశ స్వరూపాన్ని వివరంగా నమోదు చేశాడు. పారిస్ భౌగోళిక సంఘం 1885లో ఆయనకు బంగారు పతకం ప్రదానం చేసింది.

కాని ఆ యాత్రలో ఆయనకు లభించిన నిజమైన సంపద వేరు. ఉన్నచోటనే చేతిపని విడిచి, దైవసన్నిధిలో నిలిచి నమాజు చేసే సామాన్య ముస్లిములను ఆయన చూచాడు. లోకవ్యాపారాలకంటె గొప్పది ఏదో ఉన్నదన్న ఆలోచన, నాస్తికుడైన ఆ యువకుని హృదయంలో మొలకెత్తింది. పారిస్‌కు తిరిగివచ్చి, 1886 అక్టోబరులో యువెలాన్ అనే క్రైస్తవ గురువు మార్గదర్శకత్వంలో తన పూర్వమతాన్ని మరల స్వీకరించాడు. ఇస్లాం ఆచరణ ఒక క్రైస్తవుణ్ణి తిరిగి క్రైస్తవునిగా చేసిన ఈ ఘట్టం మనము విశేషంగా ఆలోచించవలసినది.

1890లో ట్రాపిస్టు మఠంలో చేరి, కొంతకాలం సిరియాలో జీవించాడు. ఆ కఠిన నియమాలు కూడ ఆయనకు చాలినంత పేదరికంగా తోచలేదు. 1897లో మఠాన్ని విడిచి, ఏసుక్రీస్తు పెరిగిన నజరేతులో సన్యాసినుల ఆశ్రమానికి పనివాడుగా కుదిరాడు. 1901లో గురుపట్టం పొంది, అదే సంవత్సరం సహారా ఎడారిలోని బెనీ అబ్బేస్ చేరుకొన్నాడు.

ఏకాంతం కోరి వచ్చిన ఆయన తలుపును రోజంతా ఎవరో ఒకరు తట్టుతూనే ఉండేవారు. పేదలు, బాటసారులు, సైనికులు, బానిసలు అందరూ వచ్చేవారు. ఆయన ఎవరినీ త్రిప్పి పంపలేదు. తన నివాసానికి సోదర నిలయమని పేరు పెట్టాడు. కొందరు బానిసలను సొమ్ము చెల్లించి విడిపించాడు. బానిసత్వాన్ని సహించుచున్న తన ప్రభుత్వాధికారుల వైఖరిని నిరసించాడు.

1905లో మరింత దక్షిణాన, హొగ్గార్ పర్వత ప్రాంతమందలి తమన్‌రాసెట్ అనే చిన్న పల్లెకు చేరాడు. అది తువారెగ్ ముస్లిముల సీమ. వారి నాయకుడు మూసా అగ్ అమస్తాన్ ఆయనకు ఆప్తుడయ్యాడు. ఫూకో వారి భాష నేర్చి, వేలాది కవితా పాదాలను సేకరించి, గొప్ప నిఘంటువును నిర్మించాడు. అది ఆయన మరణానంతరం 1951, 1952 సంవత్సరాలలో నాలుగు సంపుటాలుగా వెలువడింది. పరుల మాటను ఇంత శ్రద్ధతో వినడంకూడ ఒక ఆరాధనయే అని భాషాధ్యాపకులమైన మాకు తోచుచున్నది.

1907 క్రిస్మసు దినాన ఆయన ఒంటరి. మరొక క్రైస్తవుడు లేనందున, ఆనాటి నియమం ప్రకారం పూజాబలికూడ జరుపలేకపోయాడు. మరుసటి నెలలో జబ్బుపడి కదలలేని స్థితికి వచ్చాడు. దేశమంతా అనావృష్టి, మేకల పొదుగులు ఎండిపోయినవి. అయినను తువారెగ్‌లు చుట్టుప్రక్కల మైళ్ళకొలది వెదకి, దొరికిన కొద్దిపాటి పాలను తెచ్చి ఆయన నోట పోశారు. ఇచ్చుటకై వచ్చినవాడు ఆనాడు చేయి చాచి పుచ్చుకొన్నాడు. ఈశ్వరునిపై ఆధారపడటం ఎడారి నేర్పే మొదటి పాఠమైతే, తోటి మానవునిపై ఆధారపడటం దాని రెండవ పాఠం.

ఆయన చరిత్రలో విమర్శకు తావు లేకపోలేదు. ఫ్రెంచి సైనికాధికారులతో ఆయనకు స్నేహముండేది. ఆ ప్రాంతంపై ఫ్రెంచి పాలన ఉండాలనే ఆయన నమ్మాడు. ఆక్రమించిన జాతివాడు ఆక్రమితులకు సోదరుడు కాగలడా అన్న సందేహం న్యాయమైనదే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పల్లెవాసుల రక్షణకై ఆయన కట్టించిన చిన్న కోటలో ఆయుధాలు కూడ ఉంచబడినవి. 1916 డిసెంబరు 1వ తేదీన సనూసీ తిరుగుబాటుతో సంబంధమున్న దండు ఆయనను బంధించింది. ఇంతలో ఇద్దరు సైనికులు అటు రాగా, కాపలా ఉన్న బాలుడు కలవరపడి తుపాకి పేల్చాడు. ఫూకో మరణించాడు. మూసా అగ్ అమస్తాన్ ఆయన సోదరికి సంతాపలేఖ వ్రాశాడు.

ఆయన మరణించునాటికి వెంట శిష్యుడొక్కడైనను లేడు. ఆయన మాట విని మతం మారినవారు లేరనే చెప్పవచ్చును. లోకం దృష్టిలో అది విఫల జీవితం. కాని 1933లో రెనె వొయ్యోమ్ నాయకత్వాన ఐదుగురు గురువులు సహారాలో ఆయన బాటను చేపట్టారు. 1939లో సోదరీమణుల సంఘం వెలసింది. పేదల నడుమ పేదలుగా, శ్రమించి జీవించడమే వారి వ్రతం. 2022 మే 15వ తేదీన పోపు ఫ్రాన్సిస్ ఫూకోను పునీతునిగా ప్రకటించారు.

పొరుగువాని ప్రార్థనను చూచి తన ప్రార్థనను గుర్తు చేసుకొన్నవాడు ఫూకో. ఆ పొరుగువాడు పోసిన పాలతో బ్రతికి, అతని భాషకు తన ఆయుష్షును ధారపోశాడు. ఉర్దూ, తెలుగు భాషలు ఒకే పందిరి క్రింద వినిపించే మన కళాశాలలో ఈ చరిత్ర పరాయిది కాదు. మనము పరుల మతాన్ని గూర్చి వాదించుటకు ముందు, వారు మోకరిల్లినప్పుడు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా నిలిచి చూడగలిగితే, ఎడారి బోధించేది ఈ ఊరిలోనే మనకు వినబడగలదు.