వ్రేళ్లకు అందిన వంగలిపి: లాల్ బిహారీ షా

లాల్ బిహారీ షా పేరు మన తెలుగు సంఘములలో అంతగా వినబడదు. వంగదేశ క్రైస్తవుల మాట వచ్చినపుడు చదువరులు జ్ఞాపకము చేసికొనునది, 1883లో బెంగాలు జానపద కథలను ఆంగ్లమున ప్రకటించిన రెవరెండ్ లాల్ బిహారీ డేనే. ఈ ఇరువురినీ ఒక్కరేయని తలంచినవారు కూడ లేకపోలేదు. షా గ్రంథకర్తగా పేరొందినవాడు కాడు, ఉపాధ్యాయుడు. 1897లో కలకత్తా అంధుల పాఠశాలను స్థాపించినవాడు ఈయనయే.

ఆ కాలమున చూపులేని బిడ్డకు రెండే త్రోవలుండెను. కలిగిన ఇంట పుట్టినయెడల ఒక మూలన కూర్చుండి బంధువుల చేతి అన్నము తినవలెను. పేదయింట పుట్టినయెడల పాట పాడుచు బిచ్చమెత్తవలెను. ఎవరి పాపమువలన వీడు గ్రుడ్డివాడాయెనని శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్నయే, వేరొక రూపమున, మన దేశపు వీధులలోను వినబడుచుండెను. జాలిపడి కాసు వేయువారికి కొదువ లేదు. పలక చేతికిచ్చువారే అరుదు. 1887లో అమృతసరులో కుమారి యానీ షార్ప్, తరువాత పాళయంకోటలో కుమారి యాస్క్‌విత్ అట్టి పని ఆరంభించిరి. వారు విదేశమునుండి వచ్చిన మిషనరీలు. షా ఈ దేశపు క్రైస్తవుడు. ఈ భేదము చిన్నది కాదని నా అభిప్రాయము.

పాఠశాలకు గది దొరకవచ్చును, పిల్లలు దొరకవచ్చును, చదువుటకు అక్షరములేవి? మూడేండ్ల ప్రాయమున కంటికి దెబ్బ తగిలి, కొలది కాలములోనే చూపు పూర్తిగా కోల్పోయిన ఫ్రెంచివాడు లూయీ బ్రెయిలీ 1829లో ఆరు చుక్కల పద్ధతిని ప్రకటించెను. ఆరు చుక్కలతో ఏర్పడు గుర్తులు అరువది మూడు మాత్రమే. అవి రోమను అక్షరములకు సులువుగా చాలెను. వంగలిపి సంగతి వేరు. అందు హ్రస్వ ఇకారపు గుర్తు హల్లునకు ముందు వ్రాయబడును, పలుకునపుడు తరువాత వచ్చును. సంయుక్తాక్షరములు ఒకదానిలోనొకటి ఒదిగిపోవును. మన తెలుగు ఒత్తులవలెనే అవి కంటికి అందముగాని, ఒక్క వరుసలో సాగిపోవు వ్రేలికి అయోమయము. కనుక బ్రెయిలీలో వ్రాయువాడు కంటి క్రమమును విడిచి చెవి క్రమమును పట్టవలెను. భాషాంతరీకరణము చేయువారికి ఈ శ్రమ తెలియును: మూలమునందలి ఆకారమును వదలనిదే అర్థము దాటిరాదు. షా ఈ పని చేసి వంగభాషకు బ్రెయిలీ లిపిని కూర్చెను. దానికి షా బ్రెయిలీ అని పేరు.

అయితే ఇక్కడ ఒక చిక్కు కూడ ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు. ఆ దినములలో ఒక్కొక్క ప్రాంతమువారు, ఒక్కొక్క మిషనువారు తమ తమ చుక్కల లిపులను కల్పించుకొనిరి. నోల్స్, గార్త్‌వైట్ అనువారు 1902లో భారతీయ భాషలన్నిటికిని పనికివచ్చునట్లు ఓరియంటల్ బ్రెయిలీని ప్రతిపాదించిరి. అదియు అందరికి సమ్మతము కాలేదు. ఒక బడిలో చదివిన బాలునికి వేరొక బడి పుస్తకము తెరచినను మూసినను ఒక్కటే. బ్రెయిలీ పుస్తకము అసలే బరువు. ఒక్క బైబిలే అనేక సంపుటములగును. అట్టి ధనవ్యయముతో అచ్చొత్తిన పుటలు పొరుగు బడికి నిరుపయోగమగుట ఎంత నష్టము! సేవాభావము గలవారే ఇట్లు విడివిడిగా నడిచిరి.

షా నాటిన బడి మాత్రము నిలిచెను. ఆయన అనంతరము కుమారుడు అరుణ్ కుమార్ షా ఆ భారమును వహించెను. పాఠశాల నగరపు దక్షిణ భాగమున బెహాలాలో స్థిరపడి, పిల్లలు అక్కడనే నివసించి చదువుకొను విద్యాలయముగా పెరిగెను. చూపులేని పిల్లలు తక్కిన పిల్లలతో కలిసి ఒకే తరగతిలో చదువుకొనవలెనని 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము నేడు కోరుచున్నది. ఆ తరగతి గదిలో కూర్చుండుటకు ముందుగా చేతిలో ఒక లిపి ఉండవలెను గదా.

ఆ లిపియే తుదకు మారవలసివచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, యునెస్కో తోడ్పాటుతో జరిగిన సంప్రదింపుల ఫలితముగా, 1951లో భారతి బ్రెయిలీ స్థిరపడెను. షా బ్రెయిలీ మొదలైన ప్రాంతీయ లిపులన్నియు క్రమముగా తప్పుకొనెను. నేడు బెహాలాలోని వంగ బాలుడును, మన తెలుగు నాట అంధుల పాఠశాలలోని బాలికయు క అను అక్షరమును ఒకే తీరున తడవి గుర్తింతురు: ఎడమ వరుసలో పైన ఒక చుక్క, క్రింద ఒక చుక్క.