పూల లోపలికి చూసిన లిన్నేయస్

పొలం గట్ల మీద, బీడు నేలల్లో గడ్డితో కలిసి పూసే చిన్న నీలిపువ్వును మీరు చూసే ఉంటారు. అది విష్ణుక్రాంతం. చెరువుల్లో పెరిగే తూటికూర పువ్వు దానికి చుట్టమే. రెండింటిలోనూ ఆకర్షణపత్రాలు ఐదూ కలిసిపోయి ఒకే రేకులా విచ్చుకుంటాయి. కేసరాలు కూడా ఐదేసి. అసలు తేడా తెలియాలంటే పువ్వు నడుమకు చూడాలి. తూటిపువ్వులో అండాశయం మీద నిలిచిన సన్నని కాడ, అంటే కీలం, ఒక్కటే. విష్ణుక్రాంతంలో కీలాలు రెండు. ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలుతుంది. కాబట్టి పుప్పొడిని అందుకొనే కొనలు, అంటే కీలాగ్రాలు, నాలుగు. పూలను ఇలా లోపలినుంచి పరిశీలించి గుర్తించే పద్ధతిని లోకమంతటికీ అలవాటు చేసినవాడు కార్ల్ లిన్నేయస్.

లిన్నేయస్ స్వీడన్ దేశపు దక్షిణ భాగంలో రోషుల్ట్ అనే పల్లెలో 1707 మే 23న జన్మించాడు. తండ్రి నిల్స్ క్రైస్తవ మతాచార్యుడు. ఆ కాలంలో అక్కడి పల్లెవాసులకు మనకున్నట్లు స్థిరమైన ఇంటిపేర్లు ఉండేవి కావు. నిల్స్ తమ పొలంలోని పెద్ద లిండెన్ చెట్టు పేరుమీదుగా లిన్నేయస్ అనే ఇంటిపేరు పెట్టుకొన్నాడు. ఆయనకు తోటపని అంటే ప్రాణం. ఆ ఇష్టమే కొడుకుకూ అబ్బింది.

కొడుకు కూడా మతాచార్యుడు కావాలని తల్లిదండ్రుల కోరిక. కాని వెక్షో పట్టణపు బడిలో అతని చదువు అంతంతమాత్రమే. పాఠాలు వదిలి మొక్కల వెంట తిరిగేవాడు. ఈ అబ్బాయికి చదువు రాదు, ఏదైనా చేతిపని నేర్పడం మేలని ఉపాధ్యాయులు తేల్చేశారు. తండ్రి మనసు విరిగింది. అప్పుడు రోత్‌మన్ అనే వైద్యుడు అడ్డుపడి, బాలుణ్ణి తన దగ్గర ఉంచుకొని చదువు చెప్పాడు. మొక్కల్లోనూ ఆడ, మగ భాగాలున్నాయన్న కొత్త విషయం అక్కడే అతని చెవిన పడింది. పుప్పొడి అందకపోతే విత్తనం కట్టదని జర్మనీలో కామెరారియస్ 1694లోనే ప్రయోగం చేసి చూపించాడు. అయినా చాలామంది పండితులు దానిని నమ్మలేదు.

1728లో లిన్నేయస్ ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చేరాడు. చేతిలో డబ్బు లేదు. బూట్ల అడుగులు అరిగిపోతే కాగితం మడిచి పెట్టుకొని నడిచేవాడు. ఒకనాడు తోటలో మొక్కలు చూస్తున్న అతణ్ణి సెల్సియస్ అనే మతాచార్యుడు పలకరించి, అతని తెలివికి మెచ్చి ఇంట చోటిచ్చాడు. 1732లో లిన్నేయస్ లాప్లాండు మంచుసీమలో నెలల తరబడి ఒంటరిగా తిరిగి మొక్కలు సేకరించాడు.

1735లో హాలెండు వెళ్లి, పెద్ద పుటలు పన్నెండుకు మించని ఒక గ్రంథాన్ని అచ్చువేయించాడు. అందులో మొక్కలన్నిటినీ ఇరవై నాలుగు తరగతులుగా విభజించాడు. పూచే మొక్కల విషయంలో ముందు కేసరాలను లెక్కించాలి, అవి పొడవా పొట్టా, విడివిడిగా ఉన్నాయా కలిశాయా చూడాలి. దానితో తరగతి తెలుస్తుంది. తరువాత కీలాలను లెక్కించాలి. కీలం లేనిచోట కీలాగ్రాలనే లెక్కించాలి. దానితో చాలా తరగతుల్లో ఉపవిభాగం తెలుస్తుంది. ఉమ్మెత్తపువ్వు విప్పండి. ఐదు కేసరాలు, ఒక కీలం. మందారంలో కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉంటాయి, ఆ గొట్టం కొసన ఐదు కీలాగ్రాలు బయటికి వస్తాయి. పెద్ద పండితుడు అక్కరలేదు, లెక్క వచ్చిన బాలుడు చాలు. ఈ పద్ధతి దేశదేశాలకు త్వరగా పాకడానికి కారణం అదే.

అందరూ మెచ్చలేదు. పూల భాగాలను లిన్నేయస్ పెళ్లికొడుకులతో, పెళ్లికూతుళ్లతో పోల్చడం రష్యాలో ఉన్న సీగస్‌బెక్ అనే పండితునికి ఎబ్బెట్టుగా తోచింది. ఇటువంటి విద్య పిల్లలకు తగదని 1737లో గట్టిగా విమర్శించాడు. లిన్నేయస్ ఒక జిగురు కలుపుమొక్కకు పెట్టిన పేరులో సీగస్‌బెక్ పేరు నేటికీ నిలిచి ఉంది.

అసలు లోపం వేరే ఉంది. తంగేడులో పది కేసరాలు, ఒక కీలం. పల్లేరులోనూ అంతే. లెక్క ప్రకారం రెండూ ఒకేచోట చేరాయి. తంగేడు కాయ చూసినా, పల్లేరు ముల్లు చూసినా వాటికి బంధుత్వం లేదని పసివాడైనా చెబుతాడు. ఇది లిన్నేయస్‌కూ తెలుసు. మొక్కల నిజమైన బంధుత్వాల కోసం జీవితమంతా వెదికాడు గాని, పూర్తి చేయలేకపోయాడు. శాస్త్రజ్ఞులు తరువాత ఆ ఇరవై నాలుగు తరగతులను వదిలివేశారు. ఆయన స్థిరపరచిన రెండు మాటల పేర్ల పద్ధతి మాత్రం నిలిచింది. సుమారు ఆరువేల మొక్కలకు అటువంటి పేర్లతో ఆయన రాసిన గ్రంథం 1753లో వెలువడింది. మన విష్ణుక్రాంతాన్ని అందులో తీగజాతి పూలతో కలిపి ఉంచాడు. 1762 నాటి రెండవ కూర్పులో దానిని విడదీసి, నాలుగు కీలాగ్రాలను బట్టి వేరేచోట చేర్చి, చుట్టుకోనిది అనే అర్థం వచ్చే కొత్త పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ మారలేదు.

1741 నుంచి ఉప్సాలాలో ఆచార్యుడుగా పనిచేసిన లిన్నేయస్ 1778 జనవరి 10న కన్నుమూశాడు. ఆయన శిష్యులు దూరదేశాలకు మొక్కల కోసం బయలుదేరేవారు. వారిలో కోనిగ్ 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించాడు. అతని స్నేహితుడు రాక్స్‌బర్గ్ దగ్గరలోని సామర్లకోటలో ఉండేవాడు. రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథం 1795 నుంచి వెలువడింది. అందులో మూడువందల బొమ్మలున్నాయి. వాటిని గీసినవారు ఈ దేశపు చిత్రకారులే. కేసరాలను, కీలాలను కూడా వారు విడిగా, పెద్దవిగా గీశారు. లాటిన్ పేర్లతోపాటు చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా అందులో అచ్చయ్యాయి.