అలెగ్జాండర్ హోలెండర్

అలెగ్జాండర్ హోలెండర్ (డిసెంబరు 19, 1898 - డిసెంబరు 6, 1986) అమెరికాకు చెందిన ప్రముఖ వికిరణ జీవశాస్త్రవేత్త. అతినీలలోహిత కిరణాలు ఉత్పరివర్తనాలు కలిగించడానికి న్యూక్లిక్ ఆమ్లంతో సంబంధం ఉందని ప్రయోగపూర్వకంగా సూచించిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకడు. దెబ్బతిన్న డి.ఎన్.ఎ.ను కణం తనంతట తానే సరిచేసుకొనే విధానానికి సంబంధించిన కొన్ని ముఖ్య పరిశోధనలు ఈయన తీర్చిదిద్దిన సంస్థలోనే జరిగాయి.

జీవిత విశేషాలు

హోలెండర్ అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోని సామ్టర్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం పోలండ్‌లో ఉంది. 1921లో అమెరికాకు వలస వెళ్ళి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయన శాస్త్రం అభ్యసించి 1931లో డాక్టరేటు పొందాడు.

జీవకణాలు బలహీనమైన అతినీలలోహిత కిరణాలను వెదజల్లి, పక్కనున్న కణాల విభజనను ప్రేరేపిస్తాయని రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ గుర్విచ్ అంతకు ముందే ప్రతిపాదించాడు. ఉల్లివేళ్ళతోను, ఈస్ట్‌తోను పలువురు ఈ ప్రయోగాలు చేశారు. హోలెండర్, వాల్టర్ క్లాస్‌తో కలసి ఈ వాదాన్ని నిశితంగా పరీక్షించి, దానికి ఆధారం లభించలేదని 1937లో ప్రకటించాడు.

జన్యువు - న్యూక్లిక్ ఆమ్లం

1937లో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థలో చేరిన తరువాత చెస్టర్ ఎమ్మన్స్‌తో కలసి, తామర వ్యాధి కలిగించే శిలీంధ్రపు సిద్ధబీజాలపై వేర్వేరు తరంగదైర్ఘ్యాల కిరణాలను ప్రసరింపజేశాడు. ఉత్పరివర్తనాలు 260 నానోమీటర్ల ప్రాంతంలో అత్యధికంగా కలిగాయి. న్యూక్లిక్ ఆమ్లం కిరణాలను ఎక్కువగా శోషించేది కూడా అక్కడే. ప్రోటీన్ల శోషణ శిఖరం 280 నానోమీటర్ల వద్ద ఉంటుంది. జన్యువులు ప్రోటీన్లతో నిర్మితమైనవని భావించే ఆ కాలంలో ఈ ఫలితానికి తగిన ప్రాధాన్యం లభించలేదు. బాక్టీరియాలో వంశపారంపర్య లక్షణాలను మార్చగల పదార్థం డి.ఎన్.ఎ. అని ఓస్వాల్డ్ ఏవరీ బృందం చూపినది 1944లో.

ఓక్ రిడ్జ్, కణాల మరమ్మత్తు

కిరణాలు సోకిన బాక్టీరియాలు కొంత వ్యవధి తరువాత కోలుకోవడాన్ని హోలెండర్ 1930 దశకంలోనే గమనించాడు. కాని దాని కారణం అప్పటికి తెలియదు. 1946లో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో జీవశాస్త్ర విభాగానికి అధిపతియై, దానిని రెండు దశాబ్దాలలో ప్రపంచ ప్రసిద్ధ కేంద్రంగా రూపొందించాడు.

ఈ లోగా ఇతర చోట్ల సమస్య ముడి విడసాగింది. కిరణాలు సోకిన కణాలకు దృశ్యకాంతి తగిలితే అవి కోలుకుంటాయని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ ప్రకటించాడు. ఈ పని చేసే ఎంజైమును రొట్టెల తయారీకి వాడే ఈస్ట్ నుండి తీసి, దానితో పరీక్షనాళికలోనే డి.ఎన్.ఎ.ను బాగుచేయవచ్చునని క్లాడ్ రూపర్ట్ 1960లో చూపాడు. అతినీలలోహిత కిరణాల వలన డి.ఎన్.ఎ. పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎంజైము ఆ జంటను పట్టుకొని, కాంతిశక్తితో విడదీస్తుంది.

చీకటిలో జరిగే మరొక విధానం ఓక్ రిడ్జ్‌లోనే బయటపడింది. బాక్టీరియాలు అతుక్కున్న భాగాన్ని కత్తిరించి తొలగిస్తాయని 1964లో రిచర్డ్ సెట్లో, విలియం కారియర్ నిరూపించారు. ఖాళీ అయిన చోటు కొత్త డి.ఎన్.ఎ.తో పూరింపబడుతుంది. ఈస్ట్‌లో ఈ పని చేసే జన్యువుల వంటివే మానవులలోనూ ఉన్నాయి. కాంతితో పనిచేసే ఎంజైము మాత్రం మానవులలో లేదు. అందుచేత కత్తిరింపు విధానం పుట్టుకతోనే లోపించిన వారికి ఎండ వలన చర్మ క్యాన్సర్ ముప్పు మిక్కిలి ఎక్కువ.

చివరి దశ

రసాయనాలు కూడా జన్యువులకు హాని చేయగలవని గుర్తించి, 1969లో పర్యావరణ ఉత్పరివర్తన కారకాల అధ్యయనానికి ఒక సంఘాన్ని స్థాపించడంలో ముఖ్యపాత్ర వహించాడు. 1983లో ఎన్రికో ఫెర్మీ పురస్కారం అందుకున్నాడు. 1986లో మరణించాడు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఈయన పేరిట జీవభౌతిక శాస్త్రంలో ఒక పురస్కారాన్ని నెలకొల్పింది.